యానిమల్ హౌస్ రిజిస్టర్లు ప్రజల ముందు పెట్టండి: అధికారులకు బహిరంగ లేఖ

జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ పెద్దలకు, కొత్త మందులకు అనుమతులిచ్చే అధికారులకు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖల వారికి,

నమస్కారం.

నేను ఫార్మసీ కాలేజీల్లో ఫార్మకాలజీ (మందులు శరీరంలో ఎలా పనిచేస్తాయో చెప్పే శాస్త్రం) చెప్పి రిటైరైన అధ్యాపకుణ్ని. ఈ లేఖ ఒక్కడినే కూర్చుని రాసింది కాదు. ఇద్దరు పశువైద్యులు, పల్లెలో ప్రాక్టీసు చేసే ఒక డాక్టరు, ఒకప్పుడు ప్రయోగ జంతువులను ఉంచే యానిమల్ హౌస్‌లో బోనులు కడిగిన ఒక కార్మికుడు కూడా ఇందులో పాలుపంచుకున్నారు. ఇవే విషయాలను వినతిపత్రంగా రాసి ఇదివరకే ఒక కార్యాలయానికి పంపాం. ముట్టినట్టు రసీదు వచ్చింది, జవాబు రాలేదు. ఫోన్ చేసి అడిగితే ఫైలు పైకి వెళ్లిందన్నారు. ఆ పైన ఎవరున్నారో మాకు తెలియదు కాబట్టి అందరికీ కలిపి ఇలా రాయాల్సి వచ్చింది.

జంతువులపై ప్రయోగాలన్నీ రేపటి నుంచి ఆపేయమని మేం అడగడం లేదు. ఈ మాట మొదట్లోనే చెప్పకపోతే మిగతా లేఖ ఎవరూ చదవరని మాకు తెలుసు. ఈ విషయం మీద చర్చ మొదలైతే చాలు, 'మీ బిడ్డ ముఖ్యమా, ఎలుక ముఖ్యమా' అని ఎవరో ఒకరు అడుగుతారు. అక్కడితో అందరి నోళ్లూ మూతపడతాయి. ఆ ప్రశ్నకు జవాబు ఎవరిని అడిగినా ఒకటే. మా ప్రశ్న వేరు. ఏ ప్రయోగం అవసరం కొద్దీ జరుగుతోంది, ఏది అలవాటు కొద్దీ జరుగుతోంది? దాన్ని తేల్చేది ఎవరు? తేల్చి రాసిన కాగితం జనానికి ఎందుకు కనిపించదు?

1. మేలు జరిగిన చోట దాచడం దేనికి?

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ కంపెనీలో పనిచేస్తుండగా ఆయన బృందం బోదకాలు మందు డైఇథైల్‌కార్బమజీన్‌ను వెలుగులోకి తెచ్చింది. 1947లో వాళ్లు ప్రచురించిన ఫలితాలు కాటన్ ర్యాట్ అనే జాతి ఎలుకల్లోనూ, కుక్కల్లోనూ చూసినవి. ఆ జంతువులకు సహజంగా సోకిన ఫైలేరియా పురుగుల మీద మందు పనిచేసింది. ఈనాటికీ మన ఊళ్లలో ఆశా కార్యకర్త గుమ్మం ముందు నిలబడి, మింగేదాకా కదలకుండా ఇచ్చే మాత్రల్లో అదొకటి. ఇన్సులిన్ కథ 1921లో టొరంటోలో కుక్కలతో మొదలైంది. కోవాగ్జిన్ కోసం 20 రీసస్ కోతులపై పరీక్ష జరిపి, ఆ వివరాలను ప్రచురించారు.

ఇవన్నీ ధైర్యంగా చెప్పుకోగలిగినవే. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఎన్నో ఏళ్లు ప్రయోగశాలల కోసం ఎలుకలను పెంచి ఇచ్చింది. జీనోమ్ వ్యాలీలో ఐసీఎంఆర్ ఏకంగా జాతీయ స్థాయి జంతు వనరుల కేంద్రాన్నే కట్టింది. అంటే దేశంలో ఈ పని జోరుగా సాగే చోట్లలో మన హైదరాబాద్ ఒకటి. అలాంటి ఊళ్లో ఉంటూ కూడా మామూలు మనిషికి దీని గురించి తెలిసేది రెండే రకాలుగా. అయితే జంతుప్రేమికులు బయటపెట్టిన వీడియో, కాకపోతే కంపెనీ ఇచ్చిన పత్రికా ప్రకటన.

2. గొర్రె మెదడు టీకా మనకు నేర్పిన సంగతి

నలభై దాటిన తెలుగువాళ్లకు 'బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు' అంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఆ టీకా కోసం గొర్రె మెదడులోకి రేబిస్ వైరస్ ఎక్కించేవారు. అది కాళ్లు పడిపోయి నేలకొరిగాక చంపి, మెదడు తీసి, మెత్తగా చేసి, ఫినాల్‌తో వైరస్‌ను నిర్జీవం చేసేవారు. ఆ మెదడు కణజాలం పడక కొందరికి నరాలు దెబ్బతినేవి. పక్షవాతం వచ్చినవాళ్లూ ఉన్నారు. సూదులకు జడిసి సగంలో మానేసి, పసరు మందు దగ్గరికి పోయినవాళ్ల సంగతి మా పల్లె డాక్టరు గారిని అడిగితే చెబుతారు.

ఈ రకం టీకాను వదిలేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 1980ల్లోనే చెప్పారు. మన దేశంలో తయారీ ఆగింది 2004 చివర్లో. ల్యాబ్‌లో కణాలపై పెంచిన టీకాలు వచ్చాకే చేతికి నాలుగైదు సూదులతో పని అయిపోతోంది. ఆ టీకాల్లో వాడే వీరో రకం కణాలు కూడా 1962లో ఒక ఆఫ్రికన్ కోతి మూత్రపిండం నుంచి తీసి, అప్పటి నుంచి పెంచుతూ వస్తున్నవే. కాబట్టి జంతువు లేకుండానే అంతా అయిపోయిందని మేం చెప్పడం లేదు. గొర్రెను తప్పించినప్పుడు కుక్క కరిచిన పిల్లవాడు కూడా బాగుపడ్డాడు. అంతే మేం చెప్పదలచుకున్నది. మధ్యలో పోయిన ఆ ఇరవై ఏళ్లకు ఎవరూ సంజాయిషీ ఇవ్వలేదు.

ఇప్పటికీ రేబిస్ టీకా బ్యాచ్ ఎంత బలంగా ఉందో తేల్చడానికి చిట్టెలుకలకు టీకా వేసి, వాటి మెదడులోకి వైరస్ ఎక్కించి, ఎన్ని బతికాయో లెక్కపెట్టే పాత పరీక్ష వాడుకలో ఉంది. దాని ఫలితాలు ఒకసారి వచ్చినట్టు మరోసారి రావని ఆ పని చేసేవాళ్లందరికీ తెలుసు. టీకాలో అసలు పనిచేసే గ్లైకోప్రొటీన్‌ను ఎలీసా అనే ల్యాబ్ పరీక్షతో, జంతువు లేకుండా కొలిచే పద్ధతి చేతిలో ఉంది. దానికి పూర్తిగా మారేది ఏ ఏడాదిలోనో తేదీ వేసి చెప్పండి.

3. ఎం.ఫార్మసీ థీసిస్ ఎలుకలు

ఇది నాకు బాగా తెలిసిన విషయం. అందుకే కాస్త ఎక్కువ రాస్తాను.

మన రెండు రాష్ట్రాల ఫార్మసీ కాలేజీల్లో ఏటా వచ్చే థీసిస్‌ల పేర్లు తిరగేయండి. తిప్పతీగ, నేలవేము, పొడపత్రి, నేరేడు గింజ... ఫలానా మొక్క కషాయానికి షుగర్ తగ్గించే గుణం ఉందా అన్నది సబ్జెక్టు. పద్ధతి కూడా ఎప్పుడూ ఒకటే. గుంపుకు ఆరు చొప్పున తెల్ల ఎలుకలు, నాలుగైదు గుంపులు. అలోక్సాన్ గానీ స్ట్రెప్టోజోటోసిన్ గానీ ఇచ్చి వాటి క్లోమాన్ని దెబ్బతీయాలి. ఒక గుంపుకు గ్లిబెన్‌క్లమైడ్ అనే షుగర్ మందు, రెండు గుంపులకు కషాయం. మూడు నాలుగు వారాలు రక్తం తీసి చూసి, చివర్లో చంపి అవయవాలు పరీక్షించాలి. షుగర్ 'గణనీయంగా' తగ్గిందని రాసి బైండింగ్ చేయించాలి.

తగ్గకపోతే? తగ్గలేదన్న థీసిస్ నా సర్వీసులో అరుదు. పిల్లల తప్పు కాదిది. వాళ్లకు డిగ్రీ కావాలి, గైడ్‌కు పేపరు కావాలి. చాలా చోట్ల ఎలుకల ఖర్చు విద్యార్థే పెట్టుకుంటాడు. ఏ గుంపులో ఏ ఎలుకను వేయాలో చీటీలు తీయడం, కషాయం ఏ గుంపుకు ఇచ్చారో తెలియని మనిషితో కొలతలు తీయించడం లాంటి జాగ్రత్తలు ఎన్ని థీసిస్‌లలో ఉన్నాయో మీరే తీసి చూడండి. అవి లేకపోతే ఆ ఎలుకలు ఎందుకూ కాకుండా చచ్చిపోయినట్టే. పక్క జిల్లా కాలేజీలో అదే మొక్కపై అదే పని అంతకుముందే జరిగిందని తెలిసే దారి కూడా లేదు.

దీనివల్ల మామూలు మనిషికి ఏం నష్టమంటారా? ఆ థీసిస్‌లోంచి ఒక వాక్యం పొడి డబ్బా మీదికి ఎక్కుతుంది: 'షుగర్‌ను తగ్గిస్తుందని పరిశోధనల్లో తేలింది'. తేలింది ముప్పై ఎలుకల్లో, అది కూడా విషం పెట్టి క్లోమం చెడగొట్టిన ఎలుకల్లో. ఏళ్ల తరబడి బరువు, తిండి, వయసు కలిసి వచ్చిన మనిషి షుగర్ వేరు. మెట్‌ఫార్మిన్ మానేసి డబ్బా పొడి తిని, కాలి వేళ్లు తీయించుకునే స్థితికి వచ్చినవాళ్లను మా డాక్టరు గారు చూస్తూనే ఉన్నారు.

అందుకే అడుగుతున్నాం. ఎథిక్స్ కమిటీ అనుమతించిన ప్రతి ప్రయోగాన్నీ మొదలుపెట్టక ముందే ఒక బహిరంగ జాబితాలో నమోదు చేయించండి. పని ముగిశాక ఫలితం వచ్చినా రాకపోయినా అందులోనే రాయించండి. మనుషులపై జరిగే క్లినికల్ ట్రయల్స్‌కు ముందస్తు రిజిస్ట్రీ ఉంది కదా, జంతువులకు ఎందుకు ఉండకూడదు? బోధన కోసం కప్పలను, కుందేళ్లను వాడే ప్రాక్టికల్స్‌కు బదులు కంప్యూటర్ పాఠాలు వచ్చి చాలా ఏళ్లయింది. పుదుచ్చేరి జిప్‌మర్‌లో తయారైన ఎక్స్‌ఫార్మ్ అనే సాఫ్ట్‌వేర్‌తో నేనే పాఠం చెప్పాను, పిల్లలకు ఏ లోటూ రాలేదు. క్లాసులో చేయగలిగింది పరిశోధనలో చేయలేకపోవడానికి కారణం కనిపించదు.

4. చట్టం మంచిదే, జరిమానా 200 రూపాయలు

జంతు హింస నివారణ చట్టం 1960లో వచ్చింది. ప్రాణం నిలిపే జ్ఞానం కోసం ప్రయోగం చేయవచ్చని 14వ సెక్షన్ ఒప్పుకుంది. ఆ వెంటనే 17వ సెక్షన్ హద్దులు గీసింది. పుస్తకాలు, బొమ్మలు, ఫిల్ములతో సరిపోయే చోట ప్రయోగం మానుకోవాలి. చిన్న జంతువుతో తేలే పనికి పెద్ద జంతువును వాడకూడదు. చేయి తిరగడం కోసం చేయకూడదు, మత్తు ఇచ్చి చేయాలి, రికార్డు రాయాలి. అరవై ఏళ్ల కిందటి చట్టంలో ఇంత ఆలోచన ఉండటం నిజంగా గొప్పే. 1998 నియమాల ప్రకారం ప్రతి సంస్థలో ఎథిక్స్ కమిటీ ఉండాలి. అందులో పశువైద్యుడు, బయటి శాస్త్రవేత్త, సైన్సుతో సంబంధం లేని సామాజిక సభ్యుడు, కేంద్రం పంపే నామినీ కూర్చోవాలి.

మరి ఉల్లంఘిస్తే? 20వ సెక్షన్ చూడండి. 200 రూపాయల దాకా జరిమానా. హైదరాబాద్‌లో ఇద్దరు బిర్యానీ తిన్న బిల్లుకు కూడా అది చాలదు. కోట్ల టర్నోవర్ ఉన్న సంస్థను ఈ శిక్షతో భయపెట్టగలమని ఎవరైనా నమ్ముతున్నారా?

లెక్కల సంగతి ఇంకా విచిత్రం. బ్రిటన్ ప్రభుత్వం ఏటా ఒక నివేదిక వేస్తుంది. 2023లో అక్కడ దాదాపు 26.8 లక్షల ప్రక్రియలు జరిగాయి. ఏ జంతువు ఎన్ని, బాధ స్వల్పమా, మధ్యరకమా, తీవ్రమా అన్నది కూడా అందులో ఉంటుంది. యూరోపియన్ యూనియన్‌లో ప్రతి ప్రాజెక్టుకూ మామూలు మనిషికి అర్థమయ్యే భాషలో సారాంశం పెట్టాలి. వాళ్ల పరిశ్రమ మూతపడలేదు. మన సంస్థలు కూడా రికార్డు రాస్తాయి, పైకి పంపుతాయి. దేశం మొత్తం లెక్క మాత్రం అలా ఏటా జనం ముందుకు రాదు. రాష్ట్రాల వారీగా, జంతువుల వారీగా, బాధ తీవ్రత వారీగా ప్రతి సంవత్సరం ప్రకటించండి. తెలుగు రాష్ట్రాల సంస్థల సారాంశాలు తెలుగులోనే ఉండాలి.

5. జంతువును తప్పించిన చోట పేదవాణ్ని నిలబెట్టకండి

2023 మార్చిలో కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాలను సవరించారు. కణాలపై పరీక్షలు, అవయవాల పనితీరును అనుకరించే చిప్‌లు, కంప్యూటర్ నమూనాల ఆధారాలను కూడా జంతు పరీక్షల బదులు చూపవచ్చన్నారు. మంచి అడుగు. ఈ పద్ధతులపై పనిచేసే కేంద్రం హైదరాబాద్‌లో సీసీఎంబీ పరిశోధన సంస్థ నడిపే స్టార్టప్ ఇంక్యుబేటర్‌లోనే ఉంది.

జంతువు ప్రతిసారీ నిజం చెప్పదు. 2006 మార్చిలో లండన్‌లో టీజీఎన్1412 అనే మందును ఆరుగురు వలంటీర్లకు ఇచ్చారు. కోతులు తట్టుకున్న మోతాదులో ఐదు వందల వంతు మాత్రమే ఇచ్చినా గంటల్లోనే ఆరుగురి అవయవాలూ దెబ్బతిన్నాయి. ప్రాణాలు దక్కడమే గొప్ప. మరోవైపు థాలిడోమైడ్ అనే మందు కథ ఉంది. గర్భంతో ఉన్న జంతువులపై సరిగా చూడకుండానే అమ్మడంతో పదివేల మందికి పైగా పిల్లలు అవయవ లోపాలతో పుట్టారు. ఎలుకల్లో తేలిగ్గా బయటపడని ఆ హాని తర్వాత కుందేళ్లలో కనిపించింది. కాబట్టి ఈ రెండు ఉదాహరణల్లో ఒకదాన్నే పట్టుకుని వాదించేవాళ్లను, ఏ పక్షం వాళ్లయినా సరే, మేం నమ్మం.

మా టెన్షన్ వేరే. పరీక్ష ఖర్చు తగ్గుతుందంటే పరుగెత్తే కంపెనీలుంటాయి. జంతు దశను కుదించి, సరైన ప్రత్యామ్నాయ పరీక్ష కూడా చేయకుండా మనుషుల దగ్గరికి వస్తే ముందు వరుసలో నిలబడేది ఎవరో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. 2009లో ఖమ్మం జిల్లాలో వేలాది మంది బాలికలకు హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు నడిపారు. తర్వాత జరిగిన మరణాలకు టీకా కారణం కాదని విచారణలో చెప్పారు. ఆ మాటను మేమూ కాదనడం లేదు. కానీ తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టిన తీరును పార్లమెంటు స్థాయీ సంఘమే 2013లో తప్పుపట్టింది. 2011లో గుంటూరు జిల్లా పిడుగురాళ్ల ప్రాంతపు పేద మహిళలను డబ్బు ఆశ చూపి మందుల పరీక్షలకు తీసుకెళ్లిన ఉదంతం పేపర్లకెక్కింది.

అందువల్ల రెండు పనులు కలిపి చేయండి. ఆమోదం పొందిన ప్రత్యామ్నాయం ఉండగా జంతువునే వాడతామనే సంస్థ ఎందుకో రాతపూర్వకంగా చెప్పాలి. జంతు పరీక్ష వదిలేసి వచ్చే కంపెనీ ఏ ఆధారంతో వదిలేసిందో వలంటీరుకు తెలుగులో, అతనికి అర్థమయ్యేలా చెప్పి, ఆ మాటలను వీడియోలో రికార్డు చేయాలి. ఆ కాపీ వలంటీరు చేతికి ఇవ్వాలి.

6. పాము కాటు, గుర్రం రక్తం

ఖరీఫ్ మొదలైతే మన పీహెచ్‌సీలకు పాము కాటు కేసులు వస్తాయి. 2000 నుంచి 2019 వరకు దేశంలో ఏటా సగటున 58 వేల మంది పాము కాటుతో పోయారని 2020లో వచ్చిన అధ్యయనం అంచనా. మన ప్రాంతం ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో ఒకటి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర విషాలను గుర్రాలకు కొద్దికొద్దిగా ఎక్కించి, వాటి రక్తం నుంచి విరుగుడు తీస్తారు. ప్రతి బ్యాచ్‌నూ చిట్టెలుకలపై పరీక్షిస్తారు. ఇవాళ దీన్ని ఆపమంటే రైతును చంపడమే. ఆపమని మేం అనం.

కానీ నీరసించి, పుండ్లు పడి, సరైన విశ్రాంతి లేకుండా రక్తం ఇచ్చే గుర్రం నుంచి మంచి మందు వస్తుందా అని మా పశువైద్యులు అడుగుతున్నారు. గుర్రపు ప్రొటీన్ పడక రోగికి రియాక్షన్ వచ్చే ముప్పు ఎటూ ఉంది. గుర్రాలను ఉంచే చోట్లను బయటి పశువైద్యులతో తనిఖీ చేయించి నివేదికలు బయటపెట్టండి. 2030 నాటికి పాము కాటు మరణాలను సగానికి తగ్గిస్తామని 2024లో కేంద్రం ప్రణాళిక ప్రకటించింది కదా. ల్యాబ్‌లో తయారుచేసే యాంటీబాడీల పరిశోధనకు ఆ ప్రణాళికలోనే విడిగా డబ్బు కేటాయించండి.

7. బోనులు కడిగేవాళ్లు

ఈ చర్చలో ఎవరి నోటా వినిపించని మాట ఇది. యానిమల్ హౌస్‌లో పరుపు పొట్టు మార్చేది, మూత్రం కడిగేది, చచ్చిన ఎలుకలను ఇన్సినరేటర్‌కు మోసేది ఎక్కువగా కాంట్రాక్టు మనుషులు. ఎలుకల మూత్రం, వెంట్రుకల దుమ్ముతో అలర్జీ, ఆస్తమా రావడం ఈ వృత్తిలో ప్రపంచమంతా ఎరిగిన జబ్బు. మాతో ఉన్న కార్మికుడు మానేసింది అందుకే. మంచి మాస్కు, ఏటా ఊపిరితిత్తుల పరీక్ష, జబ్బు పడితే వైద్యం ఉండాలని రిజిస్ట్రేషన్ షరతుల్లోనే రాయండి. ఆ మనుషులకు శిక్షణ ఇస్తే జంతువు బాధను అందరికంటే ముందు గమనించేది కూడా వాళ్లే.

8. పని అయిపోయాక

కుక్కలు, కోతులు, గుర్రాల లాంటి పెద్ద జంతువులకు ప్రయోగం ముగిశాక పునరావాసం కల్పించాలన్నది మన కమిటీ పెట్టుకున్న నియమమే. బెంగళూరులో ల్యాబ్‌ల నుంచి బయటికి వచ్చిన బీగిల్ కుక్కలను కుటుంబాలు పెంచుకుంటున్నాయి. హైదరాబాద్ సంస్థల నుంచి ఎన్ని జంతువులు అలా బయటికి వచ్చాయో సంస్థల వారీగా చెప్పండి.

పైవాటిలో కొన్నింటికి చట్ట సవరణ కావాలి, దానికి సమయం పడుతుందని తెలుసు. 200 రూపాయల జరిమానా అలాంటిది. వార్షిక లెక్కలు, తెలుగు సారాంశాలు, తనిఖీ నివేదికలు, పునరావాసం వివరాలకు మాత్రం కొత్త చట్టం అక్కర్లేదు. మీ దగ్గరున్న కాగితాలను వెబ్‌సైట్‌లో పెడితే చాలు. ఈ నాలుగింటిపై నెల రోజుల్లో రాతపూర్వక జవాబు ఇవ్వండి. రాకపోతే ఇవే ప్రశ్నలను సంస్థ సంస్థకూ విడివిడిగా సమాచార హక్కు చట్టం కింద పంపుతాం, వచ్చిన ప్రతి జవాబునూ, రాని ప్రతి జవాబునూ పేపర్లకు ఇస్తాం. దరఖాస్తులు తయారుగా ఉన్నాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫార్మకాలజీ అధ్యాపకుడు, మిత్రులు
విజయవాడ